రూబార్బ్ మొక్క: కాడ తిండి, ఆకు విషం, వేరు మందు... ఒకే మొక్కలో ఇదంతా ఎలా?

మొలక_తోట అడిగిన ప్రశ్న:

నమస్కారం. ఈమధ్యే ఇల్లు మారాం. పెరట్లో ఒక మూల ఇంతకుముందు ఉన్నవాళ్లు నాటి వెళ్లిన రూబార్బ్ దుబ్బు ఉంది. మాది బాగా చలి ప్రాంతం. చలికాలమంతా అక్కడ ఖాళీ నేలే కనిపించింది. మంచు కరిగాక ఎర్రటి లావు మొగ్గలు పైకొచ్చాయి, చూస్తుండగానే చేటలంత ఆకులు విచ్చుకున్నాయి.

పక్కింటావిడ "కాడలు తినండి, ఆకులు మాత్రం విషం" అన్నారు. ఫోన్‌లో మా మామయ్యగారికి చెబితే "దాని వేరు విరేచనానికి మంచి మందు, పారెయ్యకండి" అన్నారు. ఒకే మొక్కలో ఒకటి తిండి, ఒకటి విషం, ఒకటి మందు ఎలా అయ్యాయో నాకు అర్థం కావట్లేదు. ఆకులో ఉన్న విషం కాడలోకి దిగదా? ఎక్కడిదాకా కోయాలి? సగం కాడలు పచ్చగానే ఉన్నాయి, ఎర్రబడేదాకా ఆగాలా? మధ్యలోంచి ఒక లావుపాటి కాడ నిటారుగా లేస్తోంది, దాని చివర పెద్ద మొగ్గ ఉంది. అది కూడా తినేదేనా?

మా నాలుగేళ్ల పాప ఆ ఆకుల కింద దూరి ఆడుకుంటోంది. టెన్షన్‌గా ఉంది. పీకేయమంటే పీకేస్తాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పత్రహరితం:

పీకకండమ్మా. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ని. ఇప్పుడు చలి ప్రాంతంలోనే ఉంటూ ఈ మొక్కని పెంచుతున్నాను. మీరు అడిగిన ప్రశ్న చాలామంచి ప్రశ్న, కాస్త వివరంగా రాస్తాను.

ముందు పాప సంగతి. ఆకు తాకినా, దాని కింద కూర్చున్నా ఏమీ కాదు. మింగితేనే హాని. కొరికితే పులుపుకి పిల్లలు ఊసేస్తారు గాని, ఆ ధైర్యంతో ఉండొద్దు. ఆ ఆకు నోట్లో పెట్టకూడదని గట్టిగా చెప్పండి, ఆటకి కూడా కోసి ఇవ్వకండి. ఎంతో కొంత మింగిందని అనుమానమొస్తే నోరు కడిగి, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

రెండోది, తినేముందు అది రూబార్బేనని మీ కళ్లతో తేల్చుకోండి. ఎర్ర కాడ, పెద్ద ఆకు కనిపిస్తే చాలు, రూబార్బ్ అనేస్తారు. స్విస్ చార్డ్‌లో ఎర్ర కాడల రకం ఉంది, అది బీట్‌రూట్‌కి బంధువు. బర్డాక్ ఆకులూ ఇంతే పెద్దవి. గన్నెరా అనే మొక్కకి జెయింట్ రూబార్బ్ అని పేరు పెట్టారు గాని, రూబార్బ్‌తో దానికి చుట్టరికమే లేదు. నేనైతే కాడ మొదట్లో చూస్తాను. కాడ దుబ్బుని అంటుకునే చోట పలచటి గోధుమరంగు పొర చుట్టుకుని ఉండాలి. దాన్ని ఓక్రియా అంటాం. ఆకు మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు కలిసిపోయి గొట్టంలా తయారైన పొర అది. పాలీగోనేసి కుటుంబానికి అదే పెద్ద గుర్తు. చుక్కకూర, బక్‌వీట్ కూడా ఈ కుటుంబంలోవే, వాటి కణుపుల దగ్గరా ఈ పొర కనిపిస్తుంది. క్లాసులో ఈ కుటుంబం చెప్పేటప్పుడు పువ్వు కన్నా ముందు ఈ పొరే చూపించేవాణ్ని. పువ్వు లేని రోజుల్లో మొక్కని పట్టిచ్చేది ఇదే.

ఇక అసలు విషయం. మీరు కాడ వేరు, ఆకు వేరు అనుకుంటున్నారు. వృక్షశాస్త్రంలో ఆ రెండూ కలిపితేనే ఒక ఆకు. మీరు తినేది కాండం కాదు, ఆకు తొడిమ, అంటే పత్రవృంతం. రూబార్బ్ అసలు కాండం నేలలోనే ఉంటుంది. పొట్టిగా, లావుగా, పైన ముదురు గోధుమ, కోస్తే లోపల పసుపు. తోటవాళ్లు దాన్ని క్రౌన్ అంటారు. చలికాలంలో పైన ఉన్నదంతా చచ్చిపోయినా అది బతికే ఉంటుంది. వసంతంలో దాని మొగ్గల్లోంచే మళ్లీ ఆకులొస్తాయి. నేలపైకి వచ్చే నిజమైన కాండం ఒక్కటే ఉంది, మీకు మధ్యలో నిటారుగా లేస్తున్నది అదే.

ఒకే ఆకు కాబట్టి వాటి మధ్య గోడేమీ లేదు. ఆకులో విషమని చెప్పేది ముఖ్యంగా ఆక్సాలిక్ ఆమ్లం. కాడలో అది అసలు ఉండదని చాలామంది చెబుతారు. అది తప్పు, ఉంటుంది. కాకపోతే ఆకుపలకలో, అంటే పైనున్న వెడల్పాటి పచ్చ భాగంలో కంటే తక్కువ. కాడ పులుపులో పెద్ద వాటా మాలిక్ ఆమ్లానిది, ఆపిల్‌కి పులుపునిచ్చేదీ అదే. ఆకుపలకలో ఆక్సాలిక్ ఆమ్లం 100 గ్రాములకి సుమారు అర గ్రాము. ఆ లెక్కన పెద్దవాళ్ల ప్రాణం పోవాలంటే కిలోలకొద్దీ ఆకు తినాలి. ఈ లెక్క పట్టుకుని ఆకు కూడా వండుకోవచ్చని వాదించేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ప్రాణం తీసే మోతాదు వేరు, ఒళ్లు పాడుచేసే మోతాదు వేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో తిండి కొరత వచ్చి, రూబార్బ్ ఆకులు కూడా వండుకోమని సలహా ఇచ్చారు. తిన్నవాళ్లు జబ్బుపడ్డారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. దానికి ఆక్సాలిక్ ఆమ్లం ఒక్కటే కారణం కాకపోవచ్చు, ఆకులోని ఆంథ్రక్వినోన్‌లు అనే విరేచనకారి పదార్థాలకీ అందులో పాత్ర ఉండొచ్చని అనుమానం.

ఈ ఆమ్లం ఒంట్లో చేసే పని ఒక్కటే, కాల్షియం దొరికితే పట్టుకోవడం. రెండూ కలిస్తే కాల్షియం ఆక్సలేట్, నీళ్లలో కరగని స్ఫటికం. ఎక్కువ మోతాదు మింగితే రక్తంలో కాల్షియం పడిపోతుంది, కిడ్నీల సన్నటి గొట్టాల్లో స్ఫటికాలు పేరుకుంటాయి. కిడ్నీలో రాళ్లలో ఎక్కువ భాగం ఈ రకమే. అందుకే రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు కాడలు కూడా డాక్టర్‌ని అడిగే తినాలి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకి అప్పుడప్పుడు తినే కాడలతో ఇబ్బంది లేదు. పాలో పెరుగో కలిపి తింటే ఆమ్లం పేగులోనే కాల్షియంతో కలిసిపోయి, రక్తంలోకి వెళ్లేది తగ్గుతుంది. పుస్తకాల్లో రూబార్బ్‌లో కాల్షియం బాగా ఉందని రాసి ఉంటుంది, 100 గ్రాములకి 86 మిల్లీగ్రాములు. కానీ అందులో చాలావరకు ఇలా బంధించి ఉన్నదే, మన ఒంటికి అందదు.

మరి మొక్కకి ఇదంతా ఎందుకు? ఆకు దాని వంటగది. మేసే జంతువు మొదట నోరు పెట్టేదీ అక్కడే. పులుపూ స్ఫటికాలూ నిండిన ఆకుని ఏ జంతువూ ఇష్టంగా మేయదు. మట్టిలోంచి అవసరానికి మించి వచ్చిన కాల్షియాన్ని మొక్క ఈ స్ఫటికాల రూపంలో పక్కన పెట్టుకుంటుంది కూడా. మీరు విషం అంటున్నది దాని దృష్టిలో కాపలా.

కోసే పద్ధతి: కాడని కత్తితో కోయకండి. అడుగున పట్టుకుని కొద్దిగా తిప్పుతూ లాగితే మొదలంటా ఊడొస్తుంది. మొండి మిగిలితే కుళ్లు పడుతుంది. ఊడొచ్చాక, ఆకుపలక మొదలయ్యే చోటికి అంగుళం కిందే కోసేసి పైభాగం తీసేయండి. దుబ్బులో కనీసం సగం ఆకులు వదలండి. ఎండాకాలం నడిమికి వచ్చేసరికి కోత ఆపేయండి. ఆ తర్వాత వచ్చే ఆకులు క్రౌన్‌లో తిండి దాచుకోవడానికి. మంచు దెబ్బతిని మెత్తబడి నల్లబడిన కాడలు తినొద్దు.

రంగు గురించి: ఎరుపు పక్వానికి గుర్తు కాదు. అది ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. ఎంత ఉండాలో రకాన్ని బట్టి ముందే రాసిపెట్టి ఉంటుంది. 'విక్టోరియా' అనే పాత రకం కాడలు మొదట్లోనే ఎర్రగా ఉండి పైకి పోయేకొద్దీ పచ్చగా ఉంటాయి, అది ఇప్పటికీ పెంచుతున్నారు. పచ్చ కాడ పచ్చిది కాదు. రంగు కన్నా కాడ గట్టిగా, విరిస్తే టక్కున విరిగేలా ఉందా అన్నది చూడండి.

ఆ నిటారు కాడ పూలకాడ. ఈ ఏడాది ఒక్కసారి ఓ నాలుగు రోజులు దాన్ని ఉంచి పూలు చూడమని నా కోరిక. చిన్న చిన్న పూలు వేలకొద్దీ వస్తాయి. తెల్లటి ఆకుపచ్చ రంగు, రక్షకపత్రాలు ఆకర్షణపత్రాలు అనే తేడా లేకుండా ఆరు పరిపత్రాలు, తొమ్మిది కేసరాలు, మూడు కీలాలు. కాయ మూడు రెక్కలతో ఉంటుంది, గాలికి ఎగిరిపోవడానికి. భూతద్దంలో పాపకి కూడా చూపించండి. చూశాక అడుగంటా కోసేయండి, లేకపోతే క్రౌన్‌లో బలమంతా విత్తనానికి పోతుంది. ఆ పూలకాడని తినడానికి వాడకండి.

వేరు సంగతి మందులు తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

కల్వం_రోకలి:

మాస్టారు గారు చెప్పినదానికి కొనసాగింపుగా. నేను ముడి మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను, రూబార్బ్ వేరు నా బల్ల మీదికి తరచూ వచ్చేది. మొలక_తోట గారూ, మీ మామయ్యగారు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన చెబుతున్న మొక్క మీ పెరట్లోది కాదు.

మందుగా వాడేది ముఖ్యంగా రియమ్ పామేటం, రియమ్ టంగూటికం, రియమ్ ఆఫిసినాలే అనే చైనా జాతులు. చైనా వైద్యంలో దీన్ని దాహువాంగ్ అంటారు. హిమాలయాల్లో పెరిగే రియమ్ ఆస్ట్రేల్ వేరునీ మందుగా వాడతారు. పాత వైద్యుల మూటల్లో రేవల్చిన్ని పేరుతో ఉండేది ఈ సరుకే. పెరటి రూబార్బ్ కాడ కోసం తరాలుగా ఏరుకుంటూ వచ్చిన సంకరం. దాని వేరులో మందు గుణం తక్కువ, ఎంత ఉందో తెలియదు కూడా. మోతాదు తెలియని విరేచనాల మందు ఇంట్లో ఎవరికీ ఇవ్వకూడదు.

మంచి మందు వేరుని అడ్డంగా కోసి నునుపు చేస్తే నక్షత్రాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. ఆ అందం చూసి తీరాలి. అవి మామూలు కలప వలయాలు కావు, దుంప లోపల విడివిడిగా ఏర్పడిన చిన్న చిన్న నాళాల కట్టలు. తక్కువ రకం రాపాంటిక్ రూబార్బ్‌ని కల్తీగా కలిపితే పట్టుకోవడానికి అతినీలలోహిత దీపం వాడేవాళ్లం. అందులో రాపాంటిసిన్ అనే పదార్థం ఉండి మెరిసే నీలిరంగు చూపిస్తుంది. పొడి చేసినా దాక్కోలేదు, ఆ దీపం కింద నీలం బయటపడిపోతుంది. మైక్రోస్కోప్ కింద ఆ పొడిలో పెద్ద పెద్ద కాల్షియం ఆక్సలేట్ గుత్తులు కనిపిస్తాయి. మాస్టారు గారు చెప్పిన స్ఫటికాలే, వేరులోనూ ఉన్నాయి.

పనిచేసే తీరు: వేరులోని రీన్, ఎమోడిన్ లాంటి ఆంథ్రక్వినోన్‌లు చక్కెరతో జతకట్టి ఉంటాయి. ఆ జతతోనే కడుపూ చిన్నపేగూ దాటి పెద్దపేగు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా ఆ చక్కెరని విడదీస్తే అప్పుడు మందు నిద్రలేచి పేగుని కదిలిస్తుంది. అందుకే రాత్రి వేసుకుంటే తెల్లారి ఫలితం. ఇదే వేరులో వగరునిచ్చే టానిన్లు కూడా ఉన్నాయి, అవి చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం, విరేచనాన్ని కట్టిపడేస్తాయి. చిన్న మోతాదులో టానిన్‌దే పైచేయి, పెద్ద మోతాదులో ఆంథ్రక్వినోన్‌ది. ఒక్క వేరు రెండు వైపులా లాగుతుంది కాబట్టే పాత వైద్యులు దీన్ని కొలతతో వాడారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దీని జోలికి వెళ్లకూడదు. కారణం తెలియని కడుపునొప్పి ఉన్నప్పుడు ఎవరూ వెళ్లకూడదు. నెలల తరబడి వాడితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది.

ఇంకో మాట, ఇది చెప్పకుండా ఉండలేను. యూరప్ వాళ్లు వందల ఏళ్లు ఈ మొక్కని వేరు కోసమే కోరుకున్నారు, కాడ కోసం కాదు. గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ మొదటి శతాబ్దంలోనే దీని గురించి రాశాడు. మార్కో పోలో చైనా వాయవ్యాన టంగూట్ కొండల్లో ఇది విరివిగా దొరుకుతుందని రాశాడు. 18వ శతాబ్దంలో రష్యా ప్రభుత్వం చైనా వైపు సరిహద్దు ఊరు క్యాఖ్తాలో ఈ వేరు వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుని, ఒక్కో ముక్కనీ పరీక్షించి, బాగాలేనిది తిరగ్గొట్టేది. 1839లో చైనా అధికారి లిన్ జెషు విక్టోరియా రాణికి ఉత్తరం రాస్తూ, మా టీ, మా రూబార్బ్ లేకపోతే మీరు బతకలేరన్నట్టు హెచ్చరించాడు. విత్తనాలు తెప్పించి సొంతంగా పండించుకుందామని యూరప్ తోటల్లో చాలా ప్రయత్నించారు. కానీ ఈ జాతులు పక్కపక్కన పెరిగితే ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమవుతాయి. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లిలా ఉండదు. మందు రాలేదు. చక్కెర చవకయ్యాక ఆ పులుపు కాడలకి గిరాకీ వచ్చింది. మీ పెరట్లో ఉన్నది ఆ కథలోంచి వచ్చిన మొక్క.

మొలక_తోట:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఓక్రియా కనిపించింది మాస్టారూ, మీరు చెప్పినట్టే పలచటి పొర, చేతికి తడిగా తగిలింది. మామయ్యగారికి కల్వం_రోకలి గారి జవాబు చదివి వినిపించాను, వేరు తవ్వించే ఆలోచన మానుకున్నారు. పక్కింటావిడ ఇంకోటి చెప్పారు, చలికాలం చివర్లో దుబ్బు మీద బకెట్ బోర్లిస్తే కాడలు తియ్యగా, గులాబీరంగులో వస్తాయట. నిజమేనా?

మంచునేల:

నిజమే. నేను పోయినసారి ఇంగ్లండ్‌లో ఉండగా యార్క్‌షైర్‌లో ఇలా పెంచే షెడ్ లోపలికి వెళ్లాను, అందుకని రాస్తున్నాను. వేక్‌ఫీల్డ్, మార్లీ, లీడ్స్ చుట్టుపక్కల ప్రాంతాన్ని రూబార్బ్ త్రికోణం అంటారు. మొక్కలని రెండేళ్లు పొలంలో కోయకుండా పెంచుతారు. మంచు బాగా పడి క్రౌన్‌కి చలి అందాక తవ్వి, చీకటి షెడ్లలోకి తెచ్చి, వెచ్చగా ఉంచుతారు. వెలుతురు లేదు కాబట్టి ఆకు ఆహారం తయారుచేసుకోలేదు. క్రౌన్‌లో దాచుకున్న పిండిపదార్థాన్నే చక్కెరగా మార్చుకుని పైకి పంపుతుంది. కాడలు సన్నగా, లేత గులాబీరంగులో, చివర చిన్న పసుపు ఆకుతో వేగంగా లేస్తాయి. వెలుతురు తగలకూడదని కొవ్వొత్తి దీపంలోనే కోస్తారు. నిశ్శబ్దంగా నిలబడితే మొగ్గల పొరలు విచ్చుకునే టిక్ టిక్ చప్పుడు వినిపిస్తుంది. నేను విన్నాను. 2010లో యూరోపియన్ యూనియన్ దీనికి ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. ఈ పద్ధతి 1817లో లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్‌లో అనుకోకుండా బయటపడిందని చెబుతారు, కొన్ని క్రౌన్‌లు మట్టి కింద కప్పబడిపోయి అలా మొలిచాయట.

ఇంట్లో బకెట్ పెట్టినా ఇదే జరుగుతుంది, అంత అందంగా రాకపోవచ్చు.

పత్రహరితం:

మంచునేల గారు బాగా చెప్పారు. కానీ అమ్మా, ఈ వచ్చే చలికాలానికి ఆ పని చేయకండి. చీకట్లో కాడలు లాగడమంటే మొక్క పొదుపు చేసుకున్నదంతా ఖర్చుపెట్టించడం. షెడ్లలో వాడిన క్రౌన్‌లు ఆ తర్వాత పనికిరావు, పారేస్తారు. మీ దుబ్బు వయసెంతో, బలమెంతో మీకు తెలియదు. ఒక ఏడాది హాయిగా ఆకు విప్పుకోనివ్వండి. ఆ తర్వాత బకెట్ పెట్టినా, పెట్టిన ఏడాది ఇంకేమీ కోయకండి, మరుసటి ఏడాది పూర్తిగా వదిలేయండి.

చలి గురించి ఒక మాట, ఎందుకంటే వేడి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు. ఈ మొక్క మొగ్గ నిద్రలేవాలంటే ముందు చాలా వారాలు దాదాపు 4 డిగ్రీల సెల్సియస్‌కి దిగువన చలి తినాలి. ఎండాకాలం సగటు 24 డిగ్రీలు దాటితే నీరసించిపోతుంది. నీడ కట్టి, నీళ్లు పోసి బతికించవచ్చు గాని, చలి అందని చోట ఏళ్ల తరబడి నిలబడదు.

చలి తట్టుకోవడంలో ఈ ప్రజాతి, అంటే రూబార్బ్ జాతులన్నీ చేరే రియమ్ గుంపు, తెలివి చూడాలంటే రియమ్ నోబిలే గురించి చదవండి. సిక్కిం నుంచి టిబెట్ వైపు 4000 మీటర్లు దాటిన ఎత్తుల్లో, చెట్టన్నది లేని రాళ్ల మీద పెరుగుతుంది. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ సిక్కింలోని లాచెన్ లోయలో నల్లటి కొండ అంచుల మీద దీన్ని మైలు దూరం నుంచే చూశానని రాశాడు. మనిషెత్తు స్తంభంలా లేచి, పైనుంచి కిందికి ఆకుల్లాంటి లేత పసుపు పుష్పపుచ్ఛాలు పూలని కప్పుకుని ఉంటాయి. వెలుతురు లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు, అతినీలలోహిత కిరణాలు చాలావరకు ఆగిపోతాయి. చుట్టూ గడ్డకట్టే గాలి వీస్తుంటే లోపల పూలు వెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చదనంలోకి ఒక చిన్న దోమలాంటి ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది, పుప్పొడి మోస్తుంది. దాని పిల్లలు కొన్ని విత్తనాలు తింటాయి, మిగతావి మొక్కకి. ఏళ్ల తరబడి ఆకులతోనే బతికి, ఒకే ఒక్కసారి ఇలా పూసి చచ్చిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది రియమ్ పాలెస్టినం. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఉంటుంది. ఎడారి మొక్కలన్నీ ఆకు చిన్నది చేసుకుంటే ఇది మాత్రం నేలకి అంటుకుని పెద్ద ఆకులు పరుస్తుంది. ఆ ఆకు మీద కొండల మధ్య లోయల్లా లోతైన గాడులు, పైన మైనపు పూత. నాలుగు చినుకులు పడినా నీరంతా ఆ గాడుల్లో పారి నేరుగా వేరు మొదట్లోకి దిగుతుంది. హైఫా విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో దీన్ని ప్రచురించారు. చుట్టూ ఉన్న మిగతా మొక్కలకి దక్కే నీటికి ఇది 16 రెట్లు పట్టుకోగలదని తేల్చారు. ఒకే ప్రజాతిలో ఒకటి ఆకుతో గ్రీన్‌హౌస్ కట్టుకుంది, ఒకటి ఆకుతో కాలువ తవ్వుకుంది. మీ పెరటి మొక్క పెద్ద ఆకు చూసినప్పుడల్లా నాకు ఈ రెండూ గుర్తొస్తాయి. ఈ ప్రజాతి జీవితమంతా ఆకులోనే ఉంది.

కల్వం_రోకలి:

మాస్టారూ, రంగుల సంగతి వదిలేశారు. వేరులోని ఆంథ్రక్వినోన్‌లే ఉన్నికి పసుపు రంగునిస్తాయి. హిమాలయ ప్రాంతాల్లో, టిబెట్ తివాచీల్లో ఆ పసుపు వాడారు. అదే రంగునీళ్లలో కొద్దిగా క్షారం కలిపితే ఎరుపుకి తిరుగుతుంది. ఈ కుటుంబపు అణువుకి కొత్త ఉద్యోగం కూడా దొరికింది. 2014లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు రూబార్బ్‌లోని అణువుకి దాదాపు కవల లాంటి ఒక క్వినోన్‌ని నీళ్లలో కరిగించి, సౌర, పవన విద్యుత్తుని ద్రవాల్లో నిల్వచేసే ఫ్లో బ్యాటరీ తయారుచేశారు. ఖరీదైన లోహం బదులు కర్బన అణువు. ఎలక్ట్రాన్లని తేలిగ్గా తీసుకోవడం, తేలిగ్గా వదలడం దీని గుణం.

ఒక విన్నపం. హిమాలయ రియమ్ ఆస్ట్రేల్‌ని అడవుల్లోంచి విచ్చలవిడిగా తవ్వేస్తున్నారు. వేరు తవ్వితే మొక్క మిగలదు. ఎవరైనా ఆ వేరు పొడి కొనాలనుకుంటే పండించినదేనా అని అడగండి, జవాబు రాకపోతే కొనొద్దు.

మొలక_తోట:

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. చివరిగా రెండు చిన్న సందేహాలు. కోసేసిన ఆకులు కంపోస్టులో వేస్తే ఆ విషం కూరగాయల మడిలోకి వెళుతుందా? రూబార్బ్‌ని కొందరు పండు అంటున్నారు, అది పండా కూరగాయా?

పత్రహరితం:

నిర్భయంగా కంపోస్టులో వేయండి. ఆక్సాలిక్ ఆమ్లం సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు దాన్ని తినేసి విరగ్గొడతాయి. తయారైన ఎరువులో మీ కూరగాయలకి హాని చేసేదేమీ మిగలదు. కోళ్లు, మేకలు ఉంటే మాత్రం వాటికి వేయకండి.

పండా కూరగాయా అంటే, వృక్షశాస్త్రం ప్రకారం ఆకు తొడిమ పండు కాదు. కాని 1947లో అమెరికాలో బఫెలో నగరపు కస్టమ్స్ కోర్టు దీన్ని పండని తీర్పిచ్చింది, వాడకం పండులా ఉంది కాబట్టి. దిగుమతి సుంకం తక్కువ పడటానికి ఆ తీర్పు పనికొచ్చింది. సుంకం లెక్క వాళ్లది, నాకు మాత్రం అది ఎప్పటికీ పత్రవృంతమే.

మీరు అడగకపోయినా ఇంకో రెండు జాగ్రత్తలు. కాడలు ఉడికించేటప్పుడు అల్యూమినియం గిన్నె వాడకండి, ఆమ్లం లోహాన్ని లాగుతుంది. స్టీలుది వాడండి. ఆ దుబ్బు మధ్యలో కాడలు సన్నబడి, అంచుల్లోనే బలంగా వస్తుంటే, క్రౌన్ ఇరుకైపోయిందని అర్థం. అప్పుడు ఆకులు రాలిపోయిన తర్వాత, నేల గట్టిపడకముందు తవ్వి, ఒక్కో ముక్కకి కనీసం ఒక లావు మొగ్గ ఉండేలా పదునైన పారతో విడదీయండి. ముక్కలని మీటరు దూరంలో, మొగ్గ నేలమట్టానికి వచ్చేలా, బాగా చివికిన ఎరువు వేసి నాటండి. నీరు నిలవకూడదు, క్రౌన్ కుళ్లిపోతుంది. విడదీసి నాటిన వాటిలో మొదటి ఏడాది ఒక్క కాడ కూడా లాగకండి, రెండో ఏడాది కొద్దిగా, మూడో ఏడాది నుంచి మామూలుగా కోసుకోండి.